ఆ బొకే గంగమణి ఇవ్వలేదు

మాలిష్ మేడం

నిజామాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ రోగుల్లో సగం మంది నన్ను మాలిష్ మేడం అనే పిలిచారు. వాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. పడిపోయిన చేతిని పట్టుకుని రోజూ వంచి, చాచి, తిప్పే మనిషిని ఇంకేమని పిలుస్తారు? నా కోపమంతా అదే మాటను నా వెనక నవ్వుతూ అనే డాక్టర్ల మీద. వాళ్లు రాసిన మందు ప్రాణం నిలబెట్టి ఉంటుంది, కాదనను. కానీ ఆ మనిషి మళ్లీ తన అన్నం తాను కలుపుకునే దాకా పక్కన కూర్చున్నది మేము.

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. అందరూ దాదాపు ఒకే మాట అడుగుతారు. "మేడం, మీరు బ్రెయిన్‌తో నడిచే రోబో చెయ్యి మీద పని చేసిండ్రట కదా, ఎట్లుంటది?" అడిగేటప్పుడు వాళ్ల కళ్లు మెరుస్తుంటాయి. ఆ మెరుపు ఆర్పాలని నాకు లేదు. ఆ యంత్రం మంచిదే. పనిచేస్తుంది, నేను కళ్లారా చూశాను. దాంతో మా ఊళ్లో ఏం చేశారో కూడా చూశాను. ఈ రెండో సంగతి ఎవరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాల ఊసు ఇందులో ఉండదు. చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు కూడా.

ఈ చెయ్యి ఏం పని చేస్తుండె?

నేను మొదట చేరింది సర్కారు దవాఖానలో. అక్కడ మా సీనియర్ ఒకాయన ఉండేవారు. పొట్టిగా ఉండేవారు, ఎప్పుడూ చిరాకే. కొత్తవాళ్లు ఆయన గదిలోకి పోవడానికి భయపడేవారు. అయితే ఏ రోగి వచ్చినా ఎక్స్‌రే చేతిలోకి తీసుకోకముందే ఆయన అడిగే మాట ఒకటుండేది. "గీ చెయ్యి ఏం పని చేస్తుండె?"

ఒకసారి బోధన్ వైపు నుంచి చెరకు కొట్టే ఒకతన్ని తీసుకొచ్చారు. బెల్లం గానుగలో పడి కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి. ఆపరేషన్ అయింది, ఎముకలు అతుక్కున్నాయి, పిడికిలి మాత్రం బిగియడం లేదు. కాలేజీలో నేర్చుకున్నట్టే నేను రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాను. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని నా మొహం చూసేవాడు. ఎదిగిన మనిషి బంతిని ఎందుకు నొక్కాలో అతనికి అర్థం కాలేదు. మా సీనియర్ ఆ బంతి తీసి పక్కన పడేసి, ఇంటి నుంచి చెరకు కొట్టే కత్తి తెచ్చుకోమన్నారు. దాని పిడికి గుడ్డ చుట్టి, లావు చేసి అతని చేతికి ఇచ్చారు. వేళ్లు ఒంగడం మొదలయ్యాక ఆ గుడ్డను కొద్దికొద్దిగా విప్పుతూ వచ్చాం. చివరికి ఒట్టి పిడి మీద వేళ్లు మూసుకున్నాయి.

"మెదడుకు బంతి ఎర్కలేదు సుజాతా. పని ఎర్క," అన్నారు మా సీనియర్, చేతులు కడుక్కుంటూ.

నా సర్వీసు మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన పాఠం అదే. ఇప్పటి కాలేజీల్లో దీన్ని చెబుతున్నారో లేదో తెలియదు. నా దగ్గరికి వచ్చే పిల్లలు రోగి పేరు కంటే ముందు యంత్రం పేరు చెబుతుంటే, చెబుతున్నట్టు లేదనే అనిపిస్తుంది.

గంగమణి

సర్కారు నౌకరీ నుంచి రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. గంగమణి నాకు అక్కడే కలిసింది.

వాళ్లది రుద్రూర్ దగ్గర ఒక పల్లె. భర్త లింబాద్రి చెరకు, వరి పండిస్తాడు. గంగమణి తల్లిగారిల్లు భీమ్‌గల్ దిక్కు. చిన్నప్పుడే తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకుంది. పెళ్లయి వచ్చాక కూడా మానలేదు. పొలం పని, వంట పని అయ్యాక చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేదట. చుట్టుపక్కల ఆడవాళ్లు ఆమె చుట్టే వేగం చూడటానికే వచ్చి కూర్చునేవారని లింబాద్రి గర్వంగా చెప్పాడు.

ఒకరోజు అలా చుట్టుతూనే కుడివైపుకు ఒరిగిపోయింది. మాట ముద్దయింది. ఊళ్లో వాళ్లు ముందు పసరు మందుకు తీసుకుపొమ్మన్నారు. అక్కడ కుదరకపోతే పావురం రక్తం పూసేవాడి దగ్గరికి పొమ్మన్నారు. పెద్ద దవాఖానకు చేరేసరికి అక్కరకొచ్చే సమయం కాస్తా జారిపోయింది. ఈ మాట వినగానే మా ఆసుపత్రి పెద్ద డాక్టరు లింబాద్రిని అందరి ముందూ కసిరాడు. "చదువు లేకపోతే ఇంతే. చేతులారా చేసుకున్నారు," అన్నాడు. లింబాద్రి తల దించుకుని నిలబడ్డాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పక్షవాతం వచ్చిన వెంటనే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఎక్కడికి పోవాలో ఆ పల్లెలో ఎవరు చెప్పారు? పసరు మందువాడి బోర్డు బస్టాండ్ దగ్గర ఉంది, ఊరి మొగదల ఉంది, కరెంటు స్తంభాల మీద ఉంది. మన బోర్డు ఎక్కడుంది? మనం చెప్పని మాట వినలేదని ఆ మనిషిని తిట్టే హక్కు మనకెవరిచ్చారు? అదే అన్నాను. పెద్ద డాక్టరు నా మాట విననట్టు తరవాతి రోగిని పిలిచాడు.

కొన్ని నెలలకు గంగమణికి కాలు స్వాధీనంలోకి వచ్చింది. మాట తేటపడింది. చెయ్యి రాలేదు. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుని ఉండేవి. నేను విప్పితే విచ్చుకునేవి, వదిలితే మూసుకునేవి.

"గిది నా సెయ్యి లెక్క లేదు మేడం," అనేది ఆ చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంటూ. "పక్కింటోళ్ల సెయ్యి తెచ్చి నా బుజానికి కుట్టినట్టున్నది."

మొక్కితే దేవునికిస్తం

యంత్రం మా ఆసుపత్రికి వచ్చింది అప్పుడే. హైదరాబాద్‌లో దాన్ని తయారుచేసే కంపెనీ ఒకటి, కొంతకాలం మా దగ్గర పెట్టి రోగుల మీద పరీక్షించుకుంటామంది. మా పెద్ద డాక్టరు స్టాఫ్ అందరినీ పిలిచి, జిల్లాలో ఇలాంటిది మొదటిసారి అని పదేపదే చెప్పాడు. అది ఏం చేస్తుందో మాత్రం మాకు చెప్పలేదు. దాని వెంట వచ్చిన ప్రవీణ్ అనే కుర్ర ఇంజనీరు చెప్పాడు.

మనం చెయ్యి కదపాలనుకున్నప్పుడు మెదడులో చాలా సన్నని విద్యుత్తు పుడుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లలో కూడా చాలాసార్లు ఆ తలపు పుడుతూనే ఉంటుంది. చేతి దాకా దారి తెగిపోయి ఉంటుంది, అంతే. వైర్లు కుట్టిన ఒక టోపీ తలకు పెడితే ఆ సన్నని సంకేతాన్ని అందుకుంటుంది. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టి, రోగి చేతికి పట్టీలతో బిగించిన రోబో చేతికి చెబుతుంది. ఆ రోబో చెయ్యి రోగి వేళ్లను తెరుస్తుంది. అనుకోవడం, కదలడం ఒకే క్షణంలో జరుగుతాయి. అలా మళ్లీ మళ్లీ జరిగితే మెదడు తనకు మిగిలిన దారుల్లో కొత్త తోవ వెతుక్కునే అవకాశం ఉంది. ఇందులో మాయ లేదు. నేను చేత్తో విప్పినప్పుడు రోగి ఏమనుకుంటున్నాడో నాకు తెలియదు, యంత్రానికి తెలుస్తుంది. నాకంటే దానికి ఎక్కువ ఉన్నది అదొక్కటే. అది చిన్న సంగతేమీ కాదు.

గంగమణికి టోపీ పెట్టి చూసి ప్రవీణ్ పెదవి విరిచాడు. ఆమెది ఒత్తైన జుట్టు, పైగా నిండా నూనె.

"సిగ్నల్ రాదు మేడం. జుట్టు కట్ చేయించండి. లేకపోతే వేరే పేషెంట్‌ను తీసుకుందాం. జెంట్స్ అయితే ఈజీ."

నేను నోరు తెరిచేలోపే గంగమణి అందుకుంది. "మొక్కితే దేవునికిస్తం గని, మిషిన్‌కు ఇస్తమా సారూ?"

ఆడవాళ్లకు కూడా పక్షవాతం వస్తుందని ఆ టోపీ తయారుచేసినవాళ్లకు తట్టలేదా? మన ఆడవాళ్లకు జుట్టుంటుందని, దానికి నూనె పెడతారని తెలియదా? తప్పు టోపీలో ఉంటే శిక్ష రోగి తలకా? ఇదంతా నేను ప్రవీణ్ మీద కక్కుతుంటే లింబాద్రి నెమ్మదిగా అడిగాడు. "మంచిగ కడిగితె సరిపోతదా సార్?"

సరిపోయింది. ఆసుపత్రి వెనక నల్లా ఉంది. వచ్చిన ప్రతిసారీ లింబాద్రి అక్కడ భార్యను స్టూలు మీద కూర్చోబెట్టి కుంకుడుకాయ రసంతో తల రుద్దేవాడు. నేను జుట్టును పాయలు పాయలుగా విడదీసి, టోపీలో సంకేతం అందుకునే ఒక్కో బిళ్ల దగ్గర చర్మానికి తగిలేలా జెల్ పెట్టేదాన్ని. మొగుడు పెళ్లానికి తల కడుగుతున్నాడని నర్సులు కొందరు కిటికీలోంచి చూసి నవ్వారు. లింబాద్రి వాళ్లవైపు తిరిగి, "నాకొస్తె ఆమె కడగదా?" అని మళ్లీ పనిలో పడ్డాడు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

నేనే తెరిచిన

తెర మీద ఒక గాజు గ్లాసు బొమ్మ వచ్చేది. దాన్ని పట్టుకోబోతున్నట్టు ఊహించుకొమ్మని ఇంగ్లీషులో ఒక గొంతు చెప్పేది. నేను తెలుగులో చెప్పేదాన్ని. గంగమణి కళ్లార్పకుండా చూసేది. పక్కన సంకేతం చూపించే గీత మాత్రం లేచేది కాదు. కొన్నాళ్లు ఇలాగే గడిచాక ప్రవీణ్ తేల్చేశాడు. "ఈమెకు ఇమాజినేషన్ రావట్లేదు మేడం."

ఊహ రాకపోవడమేమిటి? వండుకుని, పండించుకుని, పిల్లల్ని పెంచి ఇంత సంసారం చేసిన మనిషికి ఊహ లేదా? తెర మీది గ్లాసుతో ఆమెకేం పని? మా సీనియర్ రబ్బరు బంతి పక్కన పడేసింది గుర్తొచ్చి, తెరను అటు తిప్పేశాను.

"గంగమణీ, కండ్లు మూసుకో. నీ ఒళ్ల చాట ఉన్నది. ఆకు నానబెట్టి కత్తిరించి పెట్టుకున్నవ్. తంబాకు పోసి చుట్టినవ్. దారం కట్టినవ్. అయిపోయిందా? దాన్ని కింద పెట్టు. ఇగ ఇంకో ఆకు అందుకో."

ఆమె పెదవులు కదిలాయి. లోపల ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టుగా తల సన్నగా ఊగింది. గీత వణికి, పైకి లేచింది. మోటారు సన్నగా మోగింది. ముడుచుకున్న వేళ్లు ఒకదాని వెనక ఒకటి విచ్చుకున్నాయి.

గంగమణి కళ్లు తెరిచి చేతిని చూసుకుంది. తరవాత నన్ను చూసింది.

"నేనే తెరిచిన! మేడం, నేనే తెరిచిన గద?"

"నువ్వే."

"ఓ అవ్వా..." అని ఏడ్చేసింది. బయట కూర్చున్న లింబాద్రి ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. ప్రవీణ్ కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. ఆ యంత్రాన్ని ఎంతోమందికి చూపించి ఉంటాడు. ఒక మనిషికి అది ఏమిటో అతను కూడా ఆ రోజే చూశాడనుకుంటాను.

అప్పటి నుంచి చాట మాట ఎత్తితే చాలు, గీత లేచేది. ఒక్కోసారి లేచేది కాదు, అలసిపోయేది, చికాకు పడేది. అయినా మానలేదు. కొన్ని వారాలకు పట్టీలు విప్పేశాక కూడా బొటనవేలు తనంతట తాను చిన్నగా కదిలింది. లింబాద్రి ఆ వేలిని ఫోన్‌లో తీసి ఊరంతా చూపించాడట.

పెద్దమనుషుల రోజు

ఈ సంగతి పెద్ద డాక్టరు చెవిన పడింది. వెంటనే సభ పెట్టాలన్నాడు. పై ఊళ్ల నుంచి పెద్దమనుషులొస్తారు, కంపెనీ వాళ్లొస్తారు, పేపర్ల వాళ్లొస్తారు. గంగమణి రోబో చేత్తో ముఖ్య అతిథికి బొకే ఇవ్వాలన్నాడు.

వద్దని చెప్పాను. ఆమెకు ఇప్పటిదాకా వచ్చింది వేళ్లు తెరవడమొక్కటే. జనం మధ్యలో, ఇన్ని ఫోన్లు, లైట్లు, చప్పుడు మధ్యలో టోపీకి సంకేతం సరిగ్గా అందదు. ఆమె భయపడుతుంది. గదిలో చేసేది సభలో చేయించకండి అన్నాను.

"మీరు కంగారు పడకండి. మేం చూసుకుంటాం," అన్నాడు పెద్ద డాక్టరు.

ఆ రోజు నన్ను కింద మెట్ల దగ్గర నిలబెట్టారు, వచ్చినవాళ్లను పైకి పంపే పని అప్పగించి. పైనుంచి పెద్దగా చప్పట్లు వినబడ్డాయి. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. గంగమణి కొత్త చీర కట్టుకుని ఉంది. టోపీ, పట్టీలు, ఆ చేతిలో బొకే, దాన్ని అందుకుంటూ నవ్వుతున్న పెద్దమనిషి. ఆ సభలో అంతమంది మధ్య ఎలా చేయగలిగిందా అని ఆశ్చర్యపోయాను. సంబరపడ్డాను కూడా.

రెండు రోజులకు గంగమణి వచ్చింది. తల కడగనివ్వలేదు. స్టూలు మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏమైంది?"

"ఆ బొకే నేనియ్యలే మేడం."

నాకు అర్థం కాలేదు. లింబాద్రి నేల చూస్తున్నాడు.

"నేను ఆకు తలవలే. అసలేం తలవలే," అంది. "గంత మందిని సూసి నా గుండె దడదడ కొట్టుకుంటున్నది. ఈన యాడున్నడా అని జనంల దేవులాడుతున్న. గప్పుడే నా సెయ్యి లేసింది. లేసి గాయినకు పువ్వులిచ్చింది. నేనియ్యలే. ఎవరో ఇచ్చిండ్రు."

నేను ఆమె చేతి మీద చెయ్యి వేశాను. ఆమె లాక్కుంది.

"మేడం, నిజం సెప్పు. మొదటిరోజు గూడ గిట్లనేనా? నేను తెరిచిన అని ఏడిసిన గద, గప్పుడు గూడ మీరే తెరిచిండ్రా? మీరందరు గలిసి నాతోని ఆటాడిండ్రా?"

ఆ రోజు బలవంతం మీద టోపీ పెట్టాం. ఆకు అందుకో అన్నాను, బతిమాలాను. గీత లేవలేదు. బొటనవేలు కూడా కదల్లేదు. ప్రయత్నించే మనిషే లోపల లేనప్పుడు యంత్రం ఏం పట్టుకుంటుంది?

ఆటో

ప్రవీణ్‌ను బయటికి పిలిచి అడిగాను. మొహం మాడ్చుకుని చెప్పాడు. "సిగ్నల్ రాలేదు మేడం. సార్ ఆటోలో పెట్టమన్నరు. పెట్టిన."

ఆటోలో పెడితే యంత్రం రోగి తలపుతో పనిలేకుండా దానంతటదే కదులుతుంది. బిగుసుకున్న కీళ్లను వదులు చేయడానికి పెట్టిన సదుపాయం అది. మంచిదే, రోగికి చెప్పి చేస్తే.

"ఆమెకు చెప్పినవా?"

"టైం లేకుండె."

పెద్ద డాక్టరు గదికి వెళ్లాను. ఆయన ఆ ఫోటోను పెద్దది చేయించి హాల్లో పెట్టించే హడావిడిలో ఉన్నాడు. విషయం చెప్పాను.

"డెమో అంటే అంతే కదండీ. చూపించడానికే కదా," అన్నాడు. "ఆమెకు నష్టమేం జరిగిందో చెప్పండి. చెయ్యి నొప్పి పెట్టిందా?"

"తను అనుకుంటే చెయ్యి కదులుతుందని ఇన్ని నెలల తరవాత నమ్మింది సార్. ఆ నమ్మకం పోయింది. ఇప్పుడు ఆమెకు ఏది తనదో, ఏది మనదో తెలియడం లేదు."

"మీరు ఎమోషనల్ అవుతున్నారు."

పిల్లలూ, ఈ మాట మీకూ ఎదురవుతుంది. ముఖ్యంగా మీరు ఆడపిల్లలైతే. మీరడిగినదానికి జవాబు లేనప్పుడు ఎదుటివాళ్లు వాడే మాట ఇది. దీనికి భయపడి గొంతు తగ్గించుకోకండి. నేను తగ్గించుకోలేదు. ఆయన స్వయంగా వచ్చి గంగమణికి నిజం చెప్పాలన్నాను. రోగులకు ఇవన్నీ చెబితే కన్‌ఫ్యూజ్ అవుతారన్నాడు. ఆమె ఇప్పటికే అయిపోయింది సార్, మీరే చేశారు అని బయటికొచ్చాను.

ఆయన రాలేదు. ప్రవీణ్ వచ్చాడు. గంగమణి ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, "ఆ రోజు మీ చెయ్యి మీరు లేపలేదమ్మా. మిషిన్ లేపింది. మిషిన్‌ను అట్ల పెట్టింది నేనే. మొదటిరోజు నుంచి ఈ గదిలో జరిగింది మాత్రం మీరు చేసిందే. ఒట్టు," అన్నాడు.

లింబాద్రి ఎన్నడూ గొంతు పెంచని మనిషి. అప్పుడూ పెంచలేదు. "గా దినం అబద్ధమాడినవ్ సారూ. గియ్యాల నిజం జెప్తున్నవని మాకెట్ల ఎర్కయితది?"

న్యాయమైన ప్రశ్న. నేను ప్రవీణ్ వైపు తిరిగి అన్నాను. "ఆటో తీసెయ్. లింబాద్రి, నువ్వు కంప్యూటర్ పక్కన కూసో. ఎవ్వల్నీ ముట్టనియ్యకు. గంగమణీ, నువ్వు ఆకు మాట తలవకు. వేరే ముచ్చట చెప్పు. నువ్వు తలవకుండ చెయ్యి లేస్తే మేమంతా అబద్ధమే."

టోపీ, పట్టీలు పెట్టాక గంగమణి ముచ్చట మొదలుపెట్టింది. చెరకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల గురించి, వాళ్లలో ఒకామె చేసిన రొట్టెల గురించి, అంగడిలో ఆమెతో తాను వచ్చీరాని మరాఠీలో బేరమాడిన సంగతి. చాలాసేపు చెప్పింది. చెయ్యి కదల్లేదు.

"ఇప్పుడు ఆకు అందుకో," అన్నాను.

కళ్లు మూసుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. గీత లేవలేదు. చెయ్యి అలాగే ముడుచుకుని ఉంది. ప్రవీణ్ తట్టుకోలేక మీటల వైపు చెయ్యి చాచబోతే లింబాద్రి ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి ఆపాడు. ఇంకా చూశాం. ఏమీ జరగలేదు. ఇంత చేసి చివరికి ఇదా అనుకున్నాను.

గంగమణి కళ్లు తెరిచింది. ముడుచుకున్న వేళ్లను చూసి నవ్వింది. సభ తరవాత ఆమె నవ్వడం అదే మొదలు.

"గియ్యాల మిషిన్ నిజం జెప్తున్నది," అంది. "నాతోని కాలే. కాలేదనే జెప్పింది."

మళ్లీ వచ్చినప్పుడు తానే స్టూలు లాక్కుని నల్లా దగ్గర కూర్చుంది. ఆ రోజు మధ్యాహ్నం వేళ్లు తెరుచుకున్నాయి, పూర్తిగా కాదు, సగం. అరవలేదు, ఏడవలేదు. మావైపు చూడలేదు కూడా. చేతిని చూసుకుంటూ ఉండిపోయింది.

యంత్రం పోయింది

ఇక బాగుపడుతుందనుకుంటుండగా కంపెనీ యంత్రాన్ని ఎత్తుకుపోయింది. వాళ్ల పరీక్ష అయిపోయిందట. వేరే ఊళ్లో పెడతారట. రోగుల్లో ఎవరి వేలు కదులుతోంది, ఎవరికి ఇంకొంత కాలం కావాలి అని అడిగినవాళ్లు లేరు. మందును మధ్యలో ఆపకూడదని ప్రతి రోగికీ చెబుతాం మనం. దీన్ని మాత్రం మధ్యలో ఊడబీక్కుని పోవచ్చా? యంత్రం వచ్చినప్పుడు రిబ్బన్లు, పోయినప్పుడు ఒక లారీ. గంగమణితో పాటు ఇంకొందరు ఆ రోజు వచ్చి, ఖాళీ గది చూసి తిరిగిపోయారు. ముందు రోజు వాళ్లకు ఫోన్ చేసి చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఈసారి పెద్ద డాక్టరుతో నా మాటలు హాల్లోకి వినబడ్డాయి. రేపటి నుంచి మీరు రానక్కర్లేదన్నాడు. నేను రెండోసారి రిటైరయింది అలా. నన్ను పంపించేశాక కూడా ఆ ఫోటో హాల్లోనే ఉందని విన్నాను. పోయినవాళ్లు దాన్ని చూసి ఆ యంత్రం ఎక్కడని అడుగుతుంటారట.

ప్రవీణ్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. యంత్రం ఆటోలో ఉన్నప్పుడు రోగికి ఎదురుగా ఎర్ర దీపం వెలిగేలా మార్పించాడట. దానికోసం పైవాళ్లతో చాలా గొడవపడ్డానన్నాడు. ఆ దీపం మొదటే ఉండాల్సింది. అయినా పెట్టించినందుకు సంతోషించాను. జుట్టున్న తలలకు పనికొచ్చే టోపీ సంగతి కూడా అడగమన్నాను. అడుగుతా మేడం అన్నాడు. ఏమైందో ఇంకా చెప్పలేదు.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇది. ఆ యంత్రాన్ని నేర్చుకోండి, భయపడకండి, తిరస్కరించకండి. మీ ఆసుపత్రికి అది వచ్చిన రోజే, ఎప్పుడు పోతుంది, పోయాక ఈ రోగుల సంగతేమిటి అని అందరి ముందూ అడగండి. రోగి ఒప్పుకోకుండా ఎవరి ముందూ ప్రదర్శన పెట్టనివ్వకండి. కదిలింది యంత్రమైతే యంత్రమని అక్కడికక్కడే రోగికి చెప్పండి. ఇవి అడిగితే మీకు గొడవ మనిషని పేరొస్తుంది. రానివ్వండి. మాలిష్ మేడం కంటే అదేం చెడ్డ పేరు కాదు.

మా ఇంటి ముందు గది

గంగమణి ఇప్పుడు మా ఇంటికి వస్తుంది. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని పాత పద్ధతిలోనే చేయిస్తున్నాను. బీడీలు చుట్టగలిగేంత ఆమె చెయ్యి రాలేదు. వస్తుందని నేను చెప్పలేదు, ఆమే అడగడం మానేసింది. చీర కుచ్చిళ్లు అదిమిపట్టుకుంటుంది. గిన్నె జారకుండా ఆపుతుంది. అంతవరకు వచ్చింది.

మొన్న వానలో తడుస్తూ వచ్చారు ఇద్దరూ. లింబాద్రి బస్టాండ్ దగ్గర కాల్చిన మక్క కంకులు కొనుక్కొచ్చాడు. తలా ఒకటి తీసుకున్నాం. గంగమణి తన కంకిని బల్ల మీదే పెట్టి, కుడిచేతిని దాని పక్కకు తెచ్చుకుంది. వేళ్లు తెరుచుకోవడం లేదు. అలవాటు కొద్దీ నేను ముందుకు వంగి ఆమె బొటనవేలు విప్పబోయాను.

"సెయ్యి తియ్యి మేడం," అంది.

తీశాను.

"నువ్వు తెరిస్తె నువ్వు తెరిచినట్టు."

వేళ్లు వణికాయి. కొంచెం విచ్చుకున్నాయి. కంకి మీద ఆనాయి, జారాయి. కంకి దొర్లి బల్ల అంచు దాకా పోయింది. లింబాద్రి చటుక్కున లేచి పట్టుకోబోయాడు.

"నువ్వు గూడ ఆగు," అంది, అతని వైపు చూడకుండానే.

లింబాద్రి మళ్లీ కూర్చున్నాడు. మా ఇద్దరి చేతుల్లో కంకులు చల్లారిపోతున్నాయి. గంగమణి తన చేతిని మెల్లగా బల్ల మీద ముందుకు జరుపుకుంటోంది.